రాయపూర్‌కి మోసుకెళ్లిన అద్దాలు

మా వీధి సెలూన్ యజమాని మీద నాకొక ఫిర్యాదుంది. క్షవరం అంతా అయిపోయాక చేతి అద్దం ఒకటి తీసి నా తల వెనకాల పట్టుకుని, ముందున్న పెద్దద్దంలో నా మెడని నాకే చూపించి, "ఓకేనా సార్?" అంటాడు. నేను కాదంటే ఏం చేస్తాడో తెలీదు. రాలిన జుట్టు తిరిగి అతికించే సదుపాయం ఆ దుకాణంలో ఉన్నట్టు లేదు. అయినా ప్రతి నెలా చూపిస్తాడు, ప్రతి నెలా నేను తలాడిస్తాను. బట్టతల ఎందాకా వచ్చిందన్న సమాచారం మాత్రం అదనంగా అందుతుంది.

పోయిన పెళ్లిళ్ల సీజనులో అలా తలాడిస్తుండగానే రాయపూర్ నుంచి బావ ఫోన్ చేశాడు.

"బామ్మర్దీ, నాకు కావలసిన అద్దాలు విశాఖపట్నంలో దొరికేయి. దుకాణంవోడు ఫొటో పంపేడు. బిల్కుల్ అవే. నువ్వెళ్లి తీసుకుని, నీ చేత్తో రాయపూర్ పట్టుకొచ్చీ. పార్సిల్లో ఏస్తే పగిలిపోతాయి."

"నేను తెస్తే పగలవా బావా?"

"నువ్వైతే ఒళ్లో పెట్టుకుంటావు. నీకెలాగూ ఒళ్లో ఏటీ ఉండదు కదా."

బావ పేరు అప్పలరాజు, మా పెద్దక్క భర్త. వాళ్ల నాన్న రైల్వే ఉద్యోగం మీద విజయనగరం నుంచి వెళ్లి రాయపూర్‌లో ఉండిపోయాడు. బావ కూడా అదే రైల్వేలో వ్యాగన్లు బాగుచేసి రిటైరయ్యాడు. రిటైరయ్యాక ఊరుకోలేక ఒక పాత పికప్ బండీ, ఒక జెనరేటరూ కొన్నాడు. జెనరేటరు రెండు చక్రాల ట్రాలీ మీద ఉంటుంది. దాన్ని పికప్ లాక్కెళుతుంది. పెళ్లిళ్లకీ పందిళ్లకీ అద్దెకిస్తాడు. ఇబ్బంది ఎక్కడంటే, ట్రాలీ బండికన్నా వెడల్పు. డ్రైవరు సీట్లో కూచుని బండికున్న చిన్న అద్దాల్లో చూస్తే జెనరేటరు పచ్చ పొట్ట తప్ప ప్రపంచంలో ఇంకేదీ ఉన్నట్టు తెలీదు. ముందుకు పోయినంతసేపూ అదేమంత లోటు కాదు. కానీ పెళ్లివారి ఇళ్లు ఎప్పుడూ సందు చివర ఉంటాయి, జెనరేటరు ఎప్పుడూ వెనక్కే వెళ్లాల్సి ఉంటుంది.

బావ కోరినవి పెద్ద ట్రాలీలు లాగే విదేశీ బండ్ల అద్దాలు. ఒక మీట నొక్కితే అద్దం చెయ్యి చాపినట్టు బయటికి జరుగుతుంది. ఇంకో మీట నొక్కితే లోపలి బిళ్ల పైకీ కిందికీ పక్కకీ తిరుగుతుంది. అన్నిటికీ లోపల మోటార్లు. ఓడరేవు దగ్గర పాత బండ్ల సామాను అమ్మే దుకాణంలో వాటిని చూసినప్పుడు నాకు బియ్యం చెరిగే చేటలు గుర్తొచ్చాయి. దుకాణదారు వాటిని పాత దుప్పట్లో చుట్టి, అట్టపెట్టెలో పెట్టి, "జాగ్రత్త సార్, విడిపోతే మళ్లీ జత దొరకదు" అన్నాడు. పెళ్లి చేయించే పంతులు కూడా అంత గట్టిగా చెప్పడు.

మీరు రాయపూర్ వెళ్లి ఉండకపోతే, అక్కడ చూడవలసినవాటి గురించి మాత్రం నన్నడగొద్దు. నేను చూసింది ఆ ఊరి వర్క్‌షాపులూ, పక్క ఊళ్లో ఒక పెళ్లింటి వెనక భాగమూ. నడుం నొప్పి తగ్గింది కాబట్టి రాస్తున్నాను.

పాసింజరు బండి

మా ఊరు విజయనగరంలో పొద్దున్నే ఎక్కిన రైలు ప్రతి స్టేషన్లోనూ ఆగింది. స్టేషన్ లేనిచోట కూడా కొంచెం ఆలోచించుకుని ఆగింది. పెట్టె నా ఒళ్లో ఉంది. పైన పెడితే జారుతుంది, కింద పెడితే ఎవరో ఒకరు దాన్ని పీట అనుకుంటారు. రాయగడ ఇంకా రాకముందే నా మోకాళ్లు నావి కాకుండా పోయాయి.

పార్వతీపురంలో ఎక్కిన ఒక పెద్దావిడ, టిట్లాగఢ్‌లో ఉన్న కూతురి దగ్గరికి వెళుతూ, నా ఎదురుగా కూచుంది. కాసేపు పెట్టెనీ నన్నూ మార్చి మార్చి చూసింది.

"అందులో ఏటి బాబూ? దేవుడా?"

"అద్దాలమ్మా."

"అద్దాలా! ఏదీ, చూద్దుం."

చూపించకపోతే బాగుండదని ఒకటి దుప్పటి విప్పి చూపించాను. ఆవిడ దాన్ని నా చేతిలోంచి తీసుకుని ముందు పళ్లు చూసుకుంది. తర్వాత ముక్కుపుడక సర్దుకుంది. తర్వాత పక్కావిడకిచ్చింది. ఆవిడ బొట్టు దిద్దుకుని అవతలివాళ్లకిచ్చింది. అద్దం అలా బోగీ పొడుగునా ప్రయాణం చేసింది. ఒకాయన మీసం దువ్వుకున్నాడు. టికెట్ కలెక్టరు నా టికెట్ అడిగే ముందు కోటు కాలరు సరిచేసుకున్నాడు. మనవాళ్లలో అద్దం కనపడ్డాక అందులో మొహం చూసుకోకుండా దాటిపోయిన మనిషిని నేనింతవరకు ఎరగను. ఎప్పటికో అది తిరిగొచ్చింది, పౌడరు వాసనతో.

"బాగుంది గానీ బాబూ, మనిషిని కొంచెం చిన్నగా చూపిస్తంది" అంది పెద్దావిడ.

"బండికి పెట్టేదమ్మా అది."

"బండికెందుకు బాబూ అద్దం? దానికేటి మొగమున్నాదా?"

నేను అద్దాన్ని మళ్లీ దుప్పట్లో చుట్టాను.

రాయగడలో ఆకుదొన్నెలో వడలూ, వాటి మీద బఠానీ కూరా ఇరవై రూపాయలకి ఇచ్చారు. ఇంటి దగ్గర వడ మీద చట్నీ తప్ప ఇంకేం పోసినా మా ఆవిడ తగాదా పెట్టుకుంటుంది. ఆవిడ లేదు కాబట్టి రెండోసారి కూడా తిన్నాను. అక్కడి నుంచి కొండలూ, సొరంగాలూ. సొరంగం వచ్చినప్పుడల్లా పెట్టె మీద రెండు చేతులూ వేసుకుని కూచున్నాను. స్టేషన్లలో అమ్మేవాళ్ల అరుపుల్లోంచి తెలుగు కొంచెం కొంచెంగా దిగిపోయింది. పెద్దావిడ కూడా టిట్లాగఢ్‌లో దిగిపోతూ, "అద్దాలు జాగ్రత్త నాయినా" అంది. మహాసముంద్ వచ్చేసరికి బోగీలో తెలుగు నా ఒక్కడి దగ్గరే మిగిలింది. అదీ మాట్లాడే స్థితిలో లేదు.

అక్క ఇల్లు

రాయపూర్‌లో రైల్వేవాళ్ల తెలుగు వీధిలో ఒక పద్ధతుంది. కొత్తవాడు కనిపిస్తే పేరు అడగరు, "ఏ ఊరోళ్లు?" అంటారు. ఊరు చెబితే జిల్లా, జిల్లా చెబితే చుట్టరికం, చివరికి పేరు. నేను అక్క ఇల్లు చేరేలోపు పేరు చెప్పాల్సిన అవసరం రాలేదు. ఇద్దరు నాకు వరసకి బావమరుదులని మాత్రం తేలింది.

పొద్దున్న అక్క చీలా వేసింది. బియ్యప్పిండితో అప్పటికప్పుడు పోసేది, పులియబెట్టరు. మన అట్టుకి దూరపు చుట్టం, తొందరలో ఉన్న చుట్టం. దాంతో పచ్చి టమాటా చట్నీ. అది నోట్లో పెట్టుకోగానే రైలు ప్రయాణం మొత్తం మర్చిపోయాను. నాలుక మండుతుంటే మోకాళ్లు ఎవరికి గుర్తుంటాయి.

గుమ్మం బయట పికప్ బానెట్టుని ఒకతను గుడ్డతో తుడుస్తున్నాడు. సన్నటి మనిషి, నెరిసిన జుట్టు, చెవి వెనకాల బీడీ. నన్ను చూసి చేతులు జోడించి, "అన్నం తిన్నావా?" అన్నాడు, తెలుగులో.

"ఇతను ఇత్వారీ" అంది అక్క. "మీ బావ బండి ఎనకాల నిలబడతాడు."

అది ఉద్యోగమని అప్పటిదాకా నాకు తెలీదు. బావ ట్రాలీని వెనక్కి పోనిచ్చినప్పుడల్లా ఇత్వారీ వెనక నిలబడి, ట్రాలీ రేకు మీద అరచేత్తో కొడుతూ "ఆనే దో, ఆనే దో" అంటాడట. రానీ, రానీ అని. గోడ వచ్చేదాకా అంటాడు. గోడ వచ్చాక కూడా కొంతసేపు అంటాడు. అప్పుడు బావ కిందికి దిగి తిడతాడు. బండి కొన్నప్పటి నుంచీ ఇదే వరస. ఇత్వారీకి వచ్చిన తెలుగంతా ఆ తిట్లలోంచి ఏరుకున్నదే. నాకోసం ఒకసారి వరసగా అప్పజెప్పాడు కూడా: "ఆపు. ఆపరా. కళ్లు కనబడవా. నీ బుర్ర ఎక్కడ పెట్టినావు." నన్ను పలకరించిన "అన్నం తిన్నావా" మాత్రం అక్క నేర్పింది. అతని తెలుగులో 'మీరు' లేదు. అతనితో ఎవరూ ఆ మాట అనలేదు.

ఇత్వారీ నీళ్ల పంపు దగ్గరికి వెళ్లాక అక్క గొంతు తగ్గించింది.

"మొన్న పెళ్లిలో టెంటువోడి మోటార్‌సైకిల్ని గుద్దేసినారు. గుద్దినాక కూడా ఈడు ఆనే దో, ఆనే దో అంటన్నాడట. ఇనబడక తమ్ముడూ. ఆ జెనరేటరు పక్కన కూచుని కూచుని రెండు చెవులూ సగం పోయినాయి. మన జెనరేటరే కదా."

"మరి బావ ఏమంటాడు?"

"ఏటంటాడు! తిట్టమంటే పొద్దస్తమానం తిడతాడు. పని మానీరా అని ఒక్క ముక్క మాత్రం నోట్లోంచి రాదు. అందుకే ఈ అద్దాలు. పెట్టీసినాక, 'ఇంక నీ పని లేదురా' అనీవచ్చని. ఎల్లుండి అభన్‌పూర్‌లో పెళ్లి ఉన్నాది. అక్కడ అద్దాలు పనిచేసినాయంటే ఇత్వారీకి అదే ఆఖరి పెళ్లి."

"అతనికి వేరే పనేదైనా..."

"ఉంటే ఈ పొగలో ఎందుకుంటాడు?"

నేను రైల్లో అన్ని గంటలు ఒళ్లో పెట్టుకుని తెచ్చింది అద్దాలనే అనుకున్నాను. ఇంకో చీలా వేస్తానంది అక్క. వద్దన్నాను.

టాటీబంధ్

టాటీబంధ్ ఊరికి పడమటి అంచున ఉన్న కూడలి. దేశంలో ఎటు నుంచి ఎటు వెళ్లే లారీ అయినా ఒకసారి అక్కడికి వచ్చి హారన్ కొట్టి వెళ్లాలని ఏదో నియమం ఉన్నట్టుంది. చుట్టూ టైర్ల దుకాణాలు, కమాను కట్టల దుకాణాలు, లారీలకి నల్ల జడలూ రంగు కుచ్చులూ అమ్మే దుకాణాలు. వాటి మధ్య బల్బీర్ మిస్త్రీ షెడ్డు.

ముందు ఫలహారం కావాలన్నాడు బావ. అక్కడ అటుకుల ఉప్మా మీద సేవు అనే సన్న కారప్పూస చల్లి, పక్కన జిలేబీ పెట్టి ఇస్తారు. ప్లేటు ముప్ఫై. మా ఊళ్లో ఉప్మా పక్కన జిలేబీ పెడితే ఆ ఇంట్లో ఎవరికో సుగరు పరీక్ష చేయిస్తారు. ఇక్కడ లారీ డ్రైవర్లు దాన్ని నిలబడి, అలిసిపోయిన మొహాలతో, మందు మింగినట్టు తిని వెళ్లిపోతున్నారు. నేనూ అలాగే తిన్నాను. తేలిగ్గా అలవాటైంది.

బల్బీర్ మిస్త్రీ దుప్పటి విప్పి అద్దాలు చూశాడు. ముందు గడ్డం సర్దుకున్నాడు, తర్వాత తలపాగా. ఆ తర్వాతే వాటిని వెనక్కి తిప్పి బోల్టులు చూశాడు.

"మీ తలుపుకి సరిపడవు" అన్నాడు హిందీలో. "తలుపు మార్చండి."

"అద్దాల కోసం తలుపులా? తలుపుల కోసం బండి మార్చమంటావు తర్వాత" అన్నాడు బావ.

"అదీ మంచిదే. ఈ బండికి వయసైంది."

"నాకూ అయింది. నన్ను మార్చుతావేటి?"

బేరం ఆ దారిలో కాసేపు నడిచి, చివరికి మధ్యలో ఇనప పలకలు వేసి బిగించవచ్చని తేలింది. పలకలు వంచి బెజ్జాలు వేసేవాడు ధర్సీవాలో ఉన్నాడు. మిస్త్రీకి తమ్ముడి వరస. రాయపూర్‌లో ఏ పనీ ఒక్క చోట పూర్తవదు. ప్రతివాడూ తన తమ్ముడి దగ్గరికి పంపిస్తాడు.

ఇత్వారీ అద్దాల్ని మళ్లీ దుప్పట్లో చుట్టాడు. నేను చుట్టినదానికన్నా బాగా చుట్టాడు. నేనటు చూడకుండా లారీల వైపు చూశాను. లారీలు చాలా ఉన్నాయి, చూడ్డానికి వీలుగానే ఉన్నాయి.

ధర్సీవా

ధర్సీవా వైపు ఫ్యాక్టరీలు. గాలిలో సన్నటి నల్లటి పొడి ఉంటుంది. తెల్ల చొక్కాతో వెళ్లాను. ఇంటికొచ్చాక దాని రంగు గురించి అక్క అడిగింది, నేను చెప్పలేకపోయాను. మూడు గంటలు వేడి రేకు షెడ్డులో నిలబడ్డాం. మిస్త్రీ తమ్ముడు పలకల్ని ఒకసారి వంచి, చాలలేదని ఇంకోసారి వంచి, ఎక్కువైందని మళ్లీ చదును చేశాడు. బావ పక్కన నిలబడి ప్రతి దెబ్బకీ సలహా ఇచ్చాడు.

నేనూ ఇత్వారీ రోడ్డవతల టీ కొట్టుకి వెళ్లి బల్ల మీద కూలబడ్డాం. టీ పది రూపాయలు, అల్లం ధారాళంగా వేశాడు. ఇత్వారీ తువ్వాల్లోంచి మూత గిన్నె తీశాడు. అందులో బాసీ, అంటే రాత్రన్నంలో నీళ్లు పోసి పొద్దున తినేది. మా చద్దన్నమే. పైన ఒక ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ. నాకు సగం పెట్టబోయాడు.

"తిను" అన్నాడు. అది కూడా అక్క మాటే అయి ఉంటుంది.

తిన్నాను. చల్లగా, పుల్లగా ఉంది. ఆ ఎండలో అంతకన్నా మంచిది రాయపూర్‌లో నేను తినలేదు. ఆ సంగతి అక్కకి చెప్పలేదు.

అతను హిందీలోకి మారాడు. చెవులు సరిగా వినపడవు కాబట్టి గట్టిగా మాట్లాడతాడు. టీ కొట్టు మొత్తానికి మా సంభాషణ అందింది.

"సాలా సాబ్, ఈ అద్దాలు వెనక ఉన్నదంతా చూపిస్తాయా?"

యజమాని భార్య తమ్ముణ్ణి అక్కడ అలాగే పిలుస్తారు. మర్యాదగానే.

"రెండు పక్కలా చూపిస్తాయి" అన్నాను.

"వెనకాల?"

"పక్కల్లోంచి వెనక కూడా కొంత."

"అయితే నేను?"

టీ కొట్టువాడు గరిటె ఆపి నా వైపు చూశాడు. నేను ఎకనామిక్సు చదువుకున్నాను. యంత్రం వచ్చాక మనిషి వేరే పనికి తరలుతాడని అందులో ఒక పాఠం ఉంటుంది. ఎక్కడికి తరలుతాడో పరీక్షలో అడగరు.

"బావని అడగాలి ఇత్వారీ."

"అడిగాను. అద్దాలు ఎంత బాగున్నాయో చెప్పాడు."

గిన్నె కడిగి మూత పెట్టాడు. రోడ్డవతల బావ ఎవరినో తిడుతున్నాడు. ఇత్వారీ అలవాటుగా లేచి నిలబడి, తనని కాదని తెలిశాక మళ్లీ కూచున్నాడు.

మళ్లీ టాటీబంధ్

మర్నాడు తీగల పని. బల్బీర్ మిస్త్రీ ఫోన్లో ఒక విదేశీ వీడియో పెట్టుకుని, గొంతు తీసేసి, బొమ్మ మాత్రం చూస్తూ తలుపు విప్పాడు. మధ్యలో భోజనానికి వెళ్లాడు. మధ్యలో ఇంకో లారీకి హారన్ బాగుచేశాడు. సాయంత్రానికి రెండు అద్దాలూ పికప్‌కి రెండు వైపులా, సన్నటి మనిషికి పెట్టిన పెద్ద చెవుల్లా నిలబడ్డాయి. వాటిని బిగిస్తున్నంతసేపూ బరువు పట్టుకుని నిలబడ్డది ఇత్వారీ.

వెనక ట్రాలీ తగిలించి, బావ సీట్లో కూచుని మొదటి మీట నొక్కాడు. కుడి వైపు మీట నొక్కితే ఎడమ అద్దం కదిలింది. మిస్త్రీ గడ్డం గోక్కుని, "అలవాటైపోతుంది" అన్నాడు.

అలవాటు చేసుకోనని బావ పట్టుబట్టాడు. తీగలు మార్చాక అంతా సరిగ్గా నడిచింది. అద్దాలు బయటికి జరిగాయి, లోపలికి వచ్చాయి. బిళ్లలు సన్నటి చప్పుడుతో పైకి చూశాయి, కిందికి చూశాయి. బావ మొహం మీద, అక్క పెళ్లిలో కూడా నేను చూడని సంతోషం కనిపించింది.

"చూసేవా బామ్మర్దీ! ట్రాలీ చక్రం కనబడతంది! అవతల ఆ సైకిలోడు కనబడతన్నాడు! ఎనకాల మనిషక్కర్లేదు, బిల్కుల్ అక్కర్లేదు!"

ఇత్వారీ ట్రాలీ వెనక ఎడమ మూల, రోజూ నిలబడేచోటే నిలబడి ఉన్నాడు. కొత్త అద్దంలో చాలా స్పష్టంగా కనిపించాడు.

"అతనికి చెప్పావా?" అన్నాను.

"రేపు పెళ్లవనీ" అన్నాడు బావ, అద్దాన్ని లోపలికి లాగేస్తూ.

అభన్‌పూర్

అభన్‌పూర్ ధమ్తరీ రోడ్డు మీద చిన్న ఊరు. పెళ్లికూతురి ఇల్లు నేననుకున్నట్టే సందు చివర ఉంది. పెరట్లో వంట సాగుతోంది. రెండు వెదురు గుంజల మీద టార్పాలిన్ కట్టి, దాని కింద పెద్ద పొయ్యిలు, పూరీల పిండి, కుప్పగా వెల్లుల్లి. జెనరేటరు ఆ పందిరి పక్కకి, గోడకీ గుంజకీ మధ్య ఉన్న ఖాళీలోకి, వెనక్కి వెళ్లాలి.

సందులో ఇంకా కుర్చీల బండి అడ్డంగా ఉంది. అది తీసేదాకా ఆగాలన్నారు. బావ ఇత్వారీని పిలిచాడు. అతనికి వినపడేలా, అంటే ఊరంతటికీ వినపడేలా చెప్పాడు.

"ఇవాళ నువ్వు ఎనక్కి రాకు. ఒక్క మాట మాట్లాడకు. ఇవాళ అద్దాలు చూస్తాయి. సమఝ్ అయిందా?"

ఇత్వారీ తలూపాడు. కాసేపు ట్రాలీ పక్కన నిలబడ్డాడు. తర్వాత ఎక్కడ నిలబడాలో తెలియనట్టు అటూ ఇటూ చూసి, వంటల పందిరి కిందికి వెళ్లాడు. లావుపాటి వంట మేస్త్రీ అతన్ని ఎగాదిగా చూశాడు.

"ఖాళీగా ఉన్నావా? వెల్లుల్లి వలుస్తావా?"

ఇత్వారీ కూచుని వలవడం మొదలెట్టాడు.

"చెయ్యి బాగుందే. మా దగ్గరికొచ్చెయ్. మా గిన్నెలు వెనక్కి పోవు" అన్నాడు మేస్త్రీ. పందిరి కిందున్నవాళ్లంతా నవ్వారు. ఇత్వారీ సగమే విని ఉంటాడు. ఆలస్యంగా నవ్వాడు.

నేనూ బావా రోడ్డు మీదికి టీకి వెళ్లాం. తిరిగొచ్చేసరికి మా పికప్ చుట్టూ పెళ్లివారు మూగి ఉన్నారు. కుడి అద్దం దగ్గర ఇద్దరు ఆడవాళ్లు వంతులవారీగా కాటుక చూసుకుంటున్నారు. ఎడమద్దం ముందు పెళ్లికూతురి మేనమామ తలపాగా చుట్టుకుంటున్నాడు. మనిషి పొడుగు. అద్దం ఆయన ఛాతీ ఎత్తున ఉంది. అందుకని ఆయన బిళ్లని బొటనవేళ్లతో నొక్కి, ఆకాశంలోకి తిప్పి పెట్టుకున్నాడు. లోపల ఏదో 'కటక్' అంది.

"చాలా మంచి అద్దం" అన్నాడాయన మమ్మల్ని చూసి, మనస్ఫూర్తిగా. "మా ఇంట్లో కూడా ఇంత పెద్దది లేదు."

పెళ్లింటి పెద్దాయనని ఏమనగలం. బావ చేతులు జోడించాడు.

కుర్చీల బండి కదిలింది. బావ సీట్లో కూచున్నాడు, నేను పక్కన. ఎడమద్దం మీట నొక్కాడు. లోపల మోటారు తిరుగుతున్న చప్పుడు బాగానే వచ్చింది. బిళ్ల మాత్రం కదల్లేదు.

"బావా, ఎడమద్దంలో ఆకాశం కనిపిస్తోంది."

"అభన్‌పూర్‌లో ఆకాశం ఉండదేటి?"

"ఇంకేమీ లేదు బావా. ఆకాశమే ఉంది. ఒక వేపకొమ్మ ఉంది."

మళ్లీ నొక్కాడు. మళ్లీ చప్పుడు. కొమ్మ మీద ఒక కాకి వచ్చి వాలింది, అంతే తేడా.

"నేను దిగి చేత్తో తిప్పనా?"

"చేత్తో తిప్పడానికా అన్ని డబ్బులు పోసింది?"

"పోనీ ఇత్వారీని పిలవనా?"

బావ కుడి అద్దం వైపు తిరిగాడు. కుడి అద్దంలో గోడ చక్కగా కనిపిస్తోంది. సందులో జనం చూస్తున్నారు, అద్దాల బండి ఎలా వెనక్కి వెళుతుందోనని. ఈ బండి నడపడం మొదలెట్టాక వెనకాల ఎవరూ అరవకుండా ట్రాలీని లోపలికి పోనివ్వడం బావకి ఇదే మొదటిసారి. గేరు వేశాడు.

గోడకి తగలకుండా చాలా పొందిగ్గా వెళ్లాడు. ఆ మాట ఒప్పుకోవాలి. కుడి వైపు జానెడు ఖాళీ చివరిదాకా జానెడే ఉంది. ఎడమవైపు ఏముందో మాకు తెలీదు. వెనకాల చప్పుడేమీ లేదు.

తర్వాత చిన్న కుదుపు. మరీ పెద్దది కాదు. వెదురు గుంజ వంగింది, తాడు తెగింది. పందిరి టార్పాలిన్ ఏ తొందరా లేకుండా, పెద్ద మనిషి మంచం మీద నడుం వాల్చినట్టు, పూరీల పిండి మీదా వెల్లుల్లి మీదా దాని కింద ఉన్నవాళ్ల మీదా వాలింది. పొయ్యిలు అటు చివర ఉన్నాయి కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. వంట మేస్త్రీ గొంతు మాత్రం లోపలి నుంచి స్పష్టంగా వినిపించింది. ఆయన అన్నవి రాయను.

బావ తలుపు తీసుకుని దూకాడు. దూకుతూనే, "నీ కళ్లు కనబడవా? నీ బుర్ర ఎక్కడ..." అంటూ ట్రాలీ వెనకాల ఎడమ మూలకి పరిగెత్తాడు. అక్కడ ఎవరూ లేరు. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే, ఖాళీ నేల వైపు చూస్తూ ఆగిపోయాడు. మిగతా తిట్టు లోపలే ఉండిపోయింది. నేను వెళ్లి పక్కన నిలబడ్డాను. నన్ను చూశాడు. నేను పనికిరానని వెంటనే గ్రహించినట్టున్నాడు, మొహం తిప్పుకున్నాడు.

టార్పాలిన్ కింద ఒక బుడిపె కదిలింది. పాక్కుంటూ పాక్కుంటూ అంచు దాకా వచ్చి పైకి లేచింది. ఇత్వారీ. జుట్టు నిండా పిండి, భుజాల మీద వెల్లుల్లి పొట్టు, చేతిలో ఇంకా వలవని పాయ ఒకటి. అతని వెనకాలే మేస్త్రీ కూడా లేచి, మమ్మల్నీ అద్దాల్నీ జెనరేటర్నీ ఒకే చూపుతో చూసి, గుంజ నిలబెట్టడానికి మనుషుల్ని కేకేశాడు. జనం మెల్లగా చేరారు. తలపాగా మేనమామ కూడా వచ్చి విచారం వెలిబుచ్చాడు.

బావ గొంతు సవరించుకున్నాడు. అతని నోటికి తెలిసిన దారి ఒకటే. కానీ ఆ దారిలో ఇవాళ వెళ్లడానికి లేదు. మాట్లాడొద్దన్నది తనే. కాసేపు ట్రాలీ రేకు మీది సొట్టని బొటనవేలితో రుద్దాడు. చివరికి, ఇత్వారీ వైపు చూడకుండా, మామూలుకన్నా చాలా మెల్లగా అన్నాడు.

"సరే... ఈ అద్దాలు ఉంటే ఉన్నాయిలే. రేపట్నుంచి నువ్వు మళ్లీ ఎనకాలే నిలబడు."

అంత మెల్లగా అంటే ఇత్వారీకి వినపడదనుకున్నాను. వినపడింది. చేతిలో ఉన్న వెల్లుల్లిపాయని చొక్కా జేబులో వేసుకుని, జుట్టులో పిండి దులుపుకుంటూ, సందులో అందరికీ వినపడేంత గట్టిగా, తనకొచ్చిన తెలుగునంతా కూడదీసుకుని అన్నాడు.

"చూడ్డానికి నీకు అద్దం ఉంది భయ్యా. నీకు కావల్సింది తిట్టడానికి మనిషి."